ఓపీలో సెల్‌ఫోన్ కెమెరా: సిస్టర్ల ఫోటో తీయవచ్చా?

ఈ మధ్య మా ఓపీలో రెండు ప్రశ్నలు తరచుగా వింటున్నాము. ఒకటి మా సిస్టర్లది. "మేడం, మమ్మల్ని అడగకుండానే సెల్లులో వీడియో తీస్తున్నారు, ఇది నేరం కాదా? కేసు పెట్టలేమా?" అంటారు. రెండోది రోగుల వెంట వచ్చినవారిది. "ఇది అందరూ వచ్చే ఆస్పత్రే కదమ్మా, ఫోటో తీస్తే తప్పేముంది?" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత అపార్థమూ ఉంది. మేము వకీళ్లం కాము, నర్సులం. అయినా మా సిబ్బందికి ఈ విషయం మీద క్లాసు చెప్పవలసి వచ్చి, చట్టం ఏమంటున్నదో చదివి తెలుసుకున్నాము. రోగులకూ వారి బంధువులకూ కూడా అది పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాము.

విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కాని కోసిగి నుంచో హొళగుంద నుంచో నొప్పులు పడుతున్న ఆడబిడ్డను ఆటోలో తీసుకువస్తే ఆమెతో అయిదారుగురు వస్తారు. నలుగురి చేతుల్లో కెమెరా ఫోన్లు ఉంటాయి. బెడ్డు ఇవ్వడం కాస్త ఆలస్యమైనా, సిస్టరు గొంతు కొంచెం పెరిగినా ఫోను పైకి లేస్తుంది. మధ్యాహ్నానికల్లా ఆ ముక్క ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అందులో ఉన్నది జీఎన్ఎం పూర్తి చేసి రెండేళ్లు కూడా కాని అమ్మాయి. ఆమె అన్న పది మాటల్లో రెండే వినిపిస్తాయి. ఆ రాత్రి ఇంట్లో "ఆ ఉద్యోగమే వద్దు, రేపటి నుంచి పోవద్దు" అంటారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అయితే ఇక చెప్పనక్కరలేదు.

ఇదే విషయాన్ని రోగి బంధువు వైపు నుంచి కూడా చూడాలి. పొద్దున ఆరింటికి బయలుదేరి వచ్చి, మధ్యాహ్నం దాకా ఎవరూ సమాధానం చెప్పకపోతే అతనికి దిక్కేది? అర్జీ రాయడం రాదు, ఎవరికి ఇవ్వాలో తెలియదు. చేతిలో ఉన్న ఫోనే అతనికి సాక్షి. ఆ సాక్షిని లాగేసుకోవడం న్యాయమా?

ముందుగా సిస్టర్ల ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాము. మన దేశంలో, అనుమతి లేకుండా ఒక మనిషి ఫోటో తీయడమే నేరం అని చెప్పే చట్టం ఏదీ లేదు. బస్టాండులోనో, కార్యాలయం వరండాలోనో, ఓపీ హాలులోనో పని చేస్తున్న ఉద్యోగిని ఒకరు ఫోటో తీశారంటే, అంతమాత్రాన పోలీసులు కేసు కట్టలేరు. ఆ ఫోటో ఎక్కడ తీశారు, అందులో ఏముంది, తీసేటప్పుడు ఎలా ప్రవర్తించారు, తరువాత దాన్ని ఏం చేశారు అన్న వాటిని బట్టే నేరం అవుతుంది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఒక్కమాటగా తీర్పు చెప్పారు. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తీర్పు పేరు చెప్పి కొందరు "నా ఫోటో నా హక్కు" అంటున్నారు. ఆ హక్కు ఉన్న మాట నిజమే. కాని 19వ అధికరణం కింద మాట్లాడే హక్కు, సమాచారం తెలుసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఏ చోట ఏది ఎక్కువో కోర్టులు ఒక్కొక్క కేసు చూసి తేలుస్తున్నాయి.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి కొంచెం వేరు. తమిళనాడులో ఆటో శంకర్ అనే ఖైదీ రాసుకున్న ఆత్మకథను పత్రికలో వేయవచ్చా లేదా అన్న కేసులో 1994లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగి తన డ్యూటీకి సంబంధించిన పనుల గురించి ఎవరైనా ప్రచురిస్తే, గోప్యత పేరుతో నష్టపరిహారం అడగలేడు. రాసినవారు నిజమో కాదో చూసుకోకుండా బొత్తిగా నిర్లక్ష్యంగా అబద్ధం రాస్తే మాత్రం అడగవచ్చు. ఆ ఉద్యోగి ఇల్లు, సంసారం, ఆరోగ్యం వంటి సొంత విషయాలకు గోప్యత ఉంటుంది. ఆ కేసు రాతకు సంబంధించినదే అయినా అందులోని ఆలోచన ఫోటోకు కూడా వర్తిస్తుందని మాకు తోస్తుంది. ఎమ్మార్వో కార్యాలయంలో బల్ల ముందు కూర్చున్న గుమాస్తా చేసేది జనం పని. జనం జీతమిచ్చే మనిషి పనిని జనం చూడకూడదంటే ఎలా?

"కార్యాలయంలో ఫోటోలు తీయరాదు" అని చాలాచోట్ల కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం వెనక ఏ చట్టం ఉందో అంటించినవారికే తెలియదు. కొందరు ఏకంగా అధికార రహస్యాల చట్టం పేరు చెబుతారు. అది 1923 నాటి చట్టం. సైనిక స్థావరాలు, ఆయుధ కర్మాగారాలు, ఆ చట్టం కింద ప్రభుత్వం నిషిద్ధమని ప్రకటించిన చోట్లు దాని కిందకు వస్తాయి. మహారాష్ట్రలో ఒకాయన పోలీసు స్టేషనులో వీడియో తీశాడని ఈ చట్టం కింద కేసు పెట్టారు. 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆ కేసు కొట్టివేసింది. ఆ చట్టంలోని నిషిద్ధ ప్రదేశాల్లో పోలీసు స్టేషను లేదని తేల్చింది. సుప్రీంకోర్టు కూడా 2020 డిసెంబరులో ప్రతి పోలీసు స్టేషనులో మాటలు కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలని ఆదేశించింది.

అలాగని కెమెరా పట్టుకుని ఎవరి పనికైనా అడ్డం పడవచ్చని అర్థం కాదు. ప్రభుత్వ ఉద్యోగి విధులకు కావాలని ఆటంకం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షను, చెయ్యి చేసుకుంటే 132వ సెక్షను ఉన్నాయి. ఇవి 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ 186, 353 సెక్షన్ల స్థానంలో వచ్చాయి. ఎడంగా నిలబడి తీయడం ఒకటి. ముఖం మీదకు ఫోను పెట్టి, బల్ల మీదకు వంగి, "చెప్పు, చెప్పు, లైవ్‌లో ఉన్నావు" అని గద్దించడం వేరొకటి.

ఇక మాలాంటి ఆస్పత్రుల సంగతి. జనం ఇక్కడే తికమక పడుతున్నారు. మిషన్ ఆస్పత్రి, బ్యాంకు, సినిమా హాలు, బట్టల దుకాణం, వీటి తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. కాని అవి ప్రభుత్వ స్థలాలు కావు. మేము ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు తీసుకున్నంత మాత్రాన ప్రభుత్వ ఉద్యోగులం అయిపోము. స్థలం ఎవరిదో వారు "లోపలికి రండి, కాని ఈ పద్ధతి పాటించండి" అని షరతు పెట్టవచ్చు. చెప్పులు బయట విడవమన్నట్టే, ఐసీయూ ముందు ఫోను కట్టేయమన్నట్టే, ఫోటోలు తీయవద్దని కూడా చెప్పవచ్చు. వినకపోతే బయటకు వెళ్లమని అడగవచ్చు. వెళ్లమన్న తరువాత కూడా బెదిరించడానికో అవమానించడానికో అక్కడే నిలబడితే అది అక్రమ ప్రవేశం కేసు కాగలదు.

షరతు పెట్టే హక్కు ఉన్నంత మాత్రాన దాన్ని ఎలా పడితే అలా వాడటం మర్యాద కాదు. ఆ బోర్డు గేటు దగ్గర, అందరికీ కనిపించేలా, తెలుగులోనూ ఉర్దూలోనూ కన్నడంలోనూ ఉండాలి. మా దగ్గరకు బళ్లారి వైపు పల్లెల నుంచి కూడా వస్తారు. చదువు రానివారికి ఫోను బొమ్మ మీద అడ్డగీత గీసి చూపాలి. బోర్డు పెట్టకుండా, గొడవ మొదలయ్యాక "ఇక్కడ ఫోటోలు నిషిద్ధం" అంటే ఎవరు నమ్ముతారు? ఏదో దాస్తున్నారనే అనుకుంటారు.

నిజానికి ఆస్పత్రిలో కెమెరాకు పెద్ద అడ్డు సిస్టరు గోప్యత కానే కాదు. ఆమె వెనక మంచం మీద పడుకున్న రోగి గోప్యత. సిస్టరు మీద కోపంతో తీసిన వీడియోలో పక్క మంచం మీద పైట తొలగించుకుని పాలిస్తున్న తల్లి పడుతుంది. సెలైను ఎక్కుతున్న పిల్ల పడుతుంది. తలగడ దగ్గర కేసు షీటు, దాని మీద పేరు, జబ్బు కనిపిస్తాయి. వీరికీ గొడవకూ ఏ సంబంధమూ లేదు. వీరిని ఎవరూ అడగలేదు.

ఇక్కడ చట్టం గట్టిగానే ఉంది. ఎవరూ చూడరని ఆడమనిషి నమ్మకంతో ఉన్న చోట, ఒంటి మీద బట్ట సరిగా లేనప్పుడో, మరుగుదొడ్డిలో ఉన్నప్పుడో ఆమెను చూసినా, ఫోటో తీసినా, దాన్ని ఇతరులకు పంపినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. మొదటిసారి ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. రెండోసారి మూడేళ్ల నుంచి ఏడేళ్లు. కాన్పు గది, డ్రెస్సింగు గది, స్కానింగు గది, మా సిస్టర్లు యూనిఫాం మార్చుకునే గది ఇలాంటి చోట్లే. సమాచార సాంకేతిక చట్టంలో 66ఈ సెక్షను మగవారికీ ఆడవారికీ వర్తిస్తుంది. మరుగున ఉండవలసిన శరీర భాగాన్ని అనుమతి లేకుండా ఫోటో తీస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆపరేషను అయి వస్తున్న తాతను స్ట్రెచరు మీద వీడియో తీసి చుట్టాలకు పంపే మనవళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

మానసిక చికిత్స పొందుతున్నవారి విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షను ఉంది. వారి అనుమతి లేకుండా ఫోటోనుగాని మరే వివరాన్నిగాని పత్రికలకూ టీవీలకూ ఇవ్వకూడదు. లైంగిక దాడికి గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని పోక్సో చట్టం చెబుతుంది. హెచ్ఐవీ ఉన్నవారి కోసం 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న ప్రత్యేక చట్టం ఉంది. నమ్మి చెప్పినవారి హెచ్ఐవీ సంగతిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదంటుంది. ఏఆర్‌టీ మందుల కిటికీ ముందు నిలబడిన వరుసను ఫోటో తీస్తే ఎంత నష్టమో వేరే చెప్పాలా? ఒక్క ఫోటోతో ఆ మనిషికి కూలి పని పోతుంది, ఊళ్లో నీళ్లు పట్టుకునే చోటు కూడా పోతుంది.

కనుక సిస్టరు తన గోప్యత పేరు చెప్పి ఫోను దించమనే కంటే, "అన్నా, పక్కన బాలింత ఉంది, ఆమె పడుతుంది. బయటకు వచ్చి మాట్లాడదాం రా" అనడం మేలు. అది నిజం కూడా. ఈ మాటకు ఫోను దించనివారు చాలా తక్కువ.

మరి సిస్టరుకు సొంతంగా ఏ రక్షణా లేదా అంటే, ఉంది. 2008లో మన రాష్ట్రం వైద్య సేవల సిబ్బందిపైనా ఆస్పత్రులపైనా దాడులను నివారించే చట్టం చేసింది. అందులో సిబ్బంది అంటే డాక్టర్లే అనుకోకూడదు, నర్సులూ వస్తారు. ప్రైవేటు ఆస్పత్రులకూ అది వర్తిస్తుంది. ఆ చట్టంలో హింస అన్న మాటకు దెబ్బ కొట్టడమే అర్థం కాదు. డ్యూటీలో ఉన్నవారిని బెదిరించడం, పనికి అడ్డం పడటం కూడా దాని కిందకే వస్తాయి. శిక్ష మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా. బెయిలు తేలికగా దొరకని కేసు. సూది వేస్తున్న చేతికి అడ్డంగా ఫోను పెట్టి, "వేయి చూద్దాం, నీ సంగతి ఊరంతా చూపిస్తా" అంటే అది ఫోటో తీయడం దాటిపోయి ఈ చట్టం కిందకు వస్తుంది.

వీడియోను ముక్కలు చేసి లేని అర్థం అంటగడితే పరువు నష్టం కింద 356వ సెక్షను ఉంది. ఒక అమ్మాయిని డ్యూటీకి వచ్చినప్పుడూ పోయినప్పుడూ వెంటపడి, ఆమె వద్దంటున్నా పదేపదే పలకరించాలని చూస్తే 78వ సెక్షను, వెంటాడే నేరం. ఆమె మానానికి భంగం కలిగించాలన్న ఉద్దేశంతో మాటలన్నా, సైగలు చేసినా, ఆమె ఏకాంతంలోకి చొరబడినా 79వ సెక్షను.

కాని ప్రతి ఫోటోనూ ఈ సెక్షన్లలోకి లాగవద్దు. 2025 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ఆడమనిషి మరుగున చేసుకునే పనిలో లేనప్పుడు, అనుమతి లేకుండా ఆమె ఫోటో తీసినా, దొంగచాటుగా చూసే నేరం, అంటే పాత ఐపీసీ 354సి, ఇప్పటి 77, దానికి వర్తించదన్నది. కౌంటరు దగ్గర యూనిఫాంలో కూర్చుని చీటీ రాస్తున్న సిస్టరు ఫోటోకు ఆ సెక్షను పెట్టమని స్టేషనుకు వెళితే ఎస్సై తిప్పి పంపుతాడు. అప్పుడు రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు కూడా మన మాటకు విలువ ఉండదు.

మరొక సంగతి చెప్పాలి. మా వృత్తిలోని కొందరికి ఇది నచ్చకపోవచ్చు. ఆస్పత్రుల్లో తీసిన ఫోటోలూ వీడియోలూ మన రాష్ట్రంలో మేలు కూడా చేశాయి. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలో ఎలుకలు కొరికి పసికందు చనిపోయినప్పుడు ఆ దృశ్యాలు బయటకు రాకపోతే ఎంతమంది నమ్మేవారు? 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజను ఆగి, అధికారులు చెప్పిన లెక్క ప్రకారమే 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. ఆ వార్డు వీడియోల్లో అట్టలతో విసురుతున్న బంధువులు కనిపించారు. రోగుల గుండెల మీద చేతులు పెట్టి నొక్కుతున్న సిబ్బంది కూడా కనిపించారు. ఆ సిస్టర్లను ఎవరూ అనుమతి అడిగి ఉండరు. కాని ఆ రాత్రి వారు పారిపోలేదని లోకానికి చెప్పింది ఆ వీడియోలే. 2022 ఏప్రిల్‌లో అదే ఊళ్లో అంబులెన్సువాళ్లు అడిగిన డబ్బు ఇచ్చుకోలేక ఒక తండ్రి కొడుకు శవాన్ని మోటారు సైకిలు మీద 90 కిలోమీటర్లు తీసుకుపోయాడు. అది ఫోన్లలోకి ఎక్కిన తరువాతే అధికారులు కదిలారు.

అందుకే మా సిబ్బందికి మేము చెప్పేది ఇది. పని సక్రమంగా చేస్తున్నప్పుడు కెమెరాను చూసి బెదరనక్కరలేదు. మందు ఇచ్చిన టైము, బీపీ చూసిన టైము, డాక్టరుకు ఫోను చేసిన టైము కేసు షీటులో అప్పటికప్పుడు రాసి ఉంటే, ముప్పై సెకన్ల క్లిప్పుకు అదే సరైన జవాబు. రాయనివారికే కెమెరాతో కష్టం.

సిబ్బంది ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడని పని ఒకటుంది, ఫోను లాక్కోవడం. వాచ్‌మన్‌ని పిలిచి ఫోను గుంజుకోవడం, పాస్‌వర్డు చెప్పమని గద్దించడం, వీడియో చెరిపేసేదాకా గదిలో కూర్చోబెట్టడం ఎక్కడైనా జరుగుతుంటే ఆపించండి. ఫోటో తీయడం నేరం కాకపోయినా ఇవన్నీ నేరాలు కాగలవు. మనిషిని కదలకుండా ఆపితే అక్రమ నిర్బంధం. మీద చెయ్యి వేస్తే బలప్రయోగం. ఇతరుల ఫోనులో ఉన్నదాన్ని వారి అనుమతి లేకుండా చెరిపివేయడానికి సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి. ఆ చట్టం దృష్టిలో సెల్‌ఫోను కూడా కంప్యూటరే. పైగా అది రేపు కోర్టులో సాక్ష్యం కావలసిన వీడియో అయితే, సాక్ష్యం మాయం చేశారన్న నింద కూడా మన మీద పడుతుంది. కాన్పు గదిలో తీసిన వీడియో వంటిదైతే పోలీసులను పిలవండి. ఫోను స్వాధీనం చేసుకునే పని వారిది. 112కు ఫోను చేస్తే చాలు.

వీడియో అప్పటికే బయటకు వెళ్లిపోయి ఉంటే, భయంతో ముందుగా దాన్ని మన ఫోనులో నుంచి చెరిపివేయవద్దు. ఏ నంబరు నుంచి, ఏ గ్రూపులో, ఎన్ని గంటలకు వచ్చిందో కనిపించేలా స్క్రీన్‌షాటు తీసి పెట్టుకోవాలి. ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటి సంస్థలకు ఫిర్యాదుల అధికారి ఉండాలని 2021 ఐటీ నియమాలు చెబుతున్నాయి. ఒంటి భాగాలు కనిపించే ఫోటోలపై ఫిర్యాదు వస్తే వెంటనే తీసివేయవలసిన బాధ్యత ఆ సంస్థలది. కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు. సిస్టరు ఒక్కతే స్టేషనుకు వెళ్లకూడదు. ఆస్పత్రి తరఫున కాగితం రాసి, ఒక పెద్ద మనిషిని తోడు ఇచ్చి పంపడం యాజమాన్యం బాధ్యత. ఆమె ఇంటివారితో కూడా మేమే మాట్లాడుతున్నాము. చట్టంలో ఈ మాట ఎక్కడా లేదు, కాని అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఇదే.

బయటివారి కెమెరా గురించి ఇంత చెప్పి, మా చేతుల్లోని ఫోన్ల గురించి మాట్లాడకపోతే బాగుండదు. యూనిఫాంలో రీల్సు చేసే అలవాటు చిన్న సిస్టర్లలో పెరిగింది. వెనక రోగి ఉంటే, ఎంత ముచ్చటగా ఉన్నా అది తప్పే. రోగి ఎవరో గుర్తుపట్టేలా ఫోటోను వారి అనుమతి లేకుండా ఏ పత్రికలోనూ వేయకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తన నియమాలు డాక్టర్లకు చెబుతున్నాయి. మన వృత్తి నియమావళి కూడా రోగి రహస్యం కాపాడమనే చెబుతుంది. వైద్య సేవ కేసుకు రోగి ఫోటో అప్‌లోడు చేయవలసి వచ్చినా, అది ఎందుకో వారికి వివరించి, ఆస్పత్రి కెమెరాతోనే తీయాలి. సొంత సెల్లులో వద్దు.

ఆస్పత్రి పెట్టే సీసీ కెమెరాలు కూడా కెమెరాలే. 2025 ఫిబ్రవరిలో గుజరాత్ రాష్ట్రం రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి సీసీ కెమెరాల్లోని వీడియోలు, ఆడవారిని పరీక్ష చేస్తున్న దృశ్యాలతో సహా, ఇంటర్నెట్టులో అమ్మకానికి వచ్చాయి. వాటిని బయటి నుంచి వచ్చినవారెవరూ సెల్లులో తీయలేదు. పరీక్ష గదిలో కెమెరా ఎందుకు పెట్టారన్నదే మొదట అడగవలసిన ప్రశ్న. వరండా, గేటు, మందుల కౌంటరు, పసిపిల్లల వార్డు తలుపు దగ్గర పెట్టండి, చాలు. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు 2027లో అమలులోకి వస్తాయి. ఆ చట్టం సొంత అవసరానికి ఇంట్లోవారు తీసుకునే ఫోటోలను పట్టించుకోదు. ఆస్పత్రి దాచే ఫోటోలను పట్టించుకుంటుంది.

యాజమాన్యం హాజరు కోసం ఉద్యోగి ముఖం ఫోటో తీయవచ్చా అని కూడా మమ్మల్ని అడిగారు. ప్రభుత్వ ఉపాధ్యాయులకు 2022 ఆగస్టు 16 నుంచి, మిగతా ప్రభుత్వ ఉద్యోగులకు 2023 జనవరి నుంచి మన రాష్ట్రంలో ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. ఉపాధ్యాయులు అప్పట్లో ముఖ్యంగా అభ్యంతరం చెప్పింది సొంత ఫోనులో ఆ యాప్ వేసుకోమనడం మీద. అది న్యాయమైన అభ్యంతరమే అని మా అభిప్రాయం. హాజరు కావాలనుకునేవారు పరికరం కూడా ఇవ్వాలి.

గల్ఫ్ దేశాలకు వెళ్లే సిస్టర్లకు ఒక హెచ్చరిక. ఇక్కడి అలవాటు అక్కడ పనికిరాదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2021 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫోటో తీయడమే నేరం. ఆరు నెలలకు తగ్గని జైలు, లేదా లక్షన్నర నుంచి అయిదు లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సౌదీలో కూడా కెమెరా ఫోనును దుర్వినియోగం చేస్తే ఏడాది దాకా జైలు ఉంది. వార్డులో స్నేహితురాలితో దిగిన సెల్ఫీలో వెనక ఒక రోగి కనిపించినా అక్కడ ఉద్యోగంతో పోయే విషయం కాదు.

ఇక రోగుల బంధువులకు మా మనవి. సేవలో లోపం కనిపిస్తే మొదట వార్డు ఇన్‌చార్జి సిస్టరును అడగండి. అక్కడ తేలకపోతే నర్సింగ్ సూపరింటెండెంటు గదికి రండి. రాత్రి అయితే డ్యూటీ డాక్టరు ఉంటారు. ఫిర్యాదు నోటితో చెప్పినా రాసుకుంటాము, తేదీ వేసిన కాపీ ఇస్తాము. నేల శుభ్రంగా లేకపోయినా, కుర్చీ విరిగి ఉన్నా, కౌంటరులో మనిషి లేకపోయినా ఫోటో తీసి మాకు చూపండి, మేము కాదనము. రోగుల మంచాలూ ముఖాలూ అందులో పడకుండా చూడండి. బిల్లు కాగితం, మందుల చీటీ, మీ మనిషి డిశ్చార్జి సమ్మరీ మీవే. వాటిని ఫోటో తీసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. ప్రభుత్వ ఆస్పత్రిలోనైతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టి రికార్డుల కాపీలు అడగవచ్చు. తెల్ల రేషను కార్డువారికి ఆ పది రూపాయలు కూడా అక్కరలేదు.

బిడ్డ పుట్టిన సంతోషంలో సిస్టరుతో ఫోటో దిగాలని చాలామంది అడుగుతారు. కాదనడం మాకూ ఇష్టం ఉండదు. పోయేరోజు బిడ్డను ఎత్తుకుని గేటు పక్కన వేపచెట్టు కిందకు రండి, డ్యూటీ దిగిన సిస్టరు ఎవరైనా వచ్చి నిలబడతారు. బిడ్డ కళ్లలో ఫ్లాషు పడకుండా మాత్రం చూసుకోండి.